డీ డ్రైవ్ వదిలేసి ఫార్మాట్ కొడితే వైరస్ పోదు

మా చిన్నాన్న వాళ్ల ఇంట్లో డెస్క్‌టాప్‌ని ఒకే ఏడాదిలో మూడుసార్లు షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించారు. ప్రతిసారీ ఓ పది రోజులు బాగానే నడిచేది, తర్వాత మళ్లీ అవే యాడ్లు, పెన్‌డ్రైవ్ పెడితే చాలు ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోవడం. నాలుగోసారి నేను కూర్చుని చూశాను. మూడుసార్లూ విండోస్ ఉండే సీ డ్రైవ్ ఒక్కటే కొట్టారు, డీ డ్రైవ్ జోలికి ఎవరూ పోలేదు. అందులో 'సెటప్స్' అని ఒక ఫోల్డర్ ఉంది, విండోస్ వేసిన వెంటనే క్రాక్ చేసిన (అంటే లైసెన్స్ కొనకుండా నడిచేలా మార్చిన) ఆఫీస్, కీ కొనకుండానే యాక్టివేట్ చేసే యాక్టివేటర్, వీడియో ప్లేయర్ అన్నీ అక్కడి నుంచే ఎక్కించేవాళ్లు. ఇల్లంతా కడిగి చెత్తబుట్టని మాత్రం నట్టింట్లోనే ఉంచినట్టు.

కాబట్టి ముందు ఒక నియమం పెట్టుకోండి: మీరు తయారుచేసుకున్నవి, మీకు సంబంధించినవి మాత్రమే వెనక్కి తెచ్చుకోవాలి. ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు, ట్యాలీ వాడితే దాని డేటా ఫోల్డర్. ప్రోగ్రాములు, సెటప్ ఫైళ్లు, క్రాక్‌లు ఒక్కటి కూడా వద్దు, ఎంత పాత జ్ఞాపకమైనా సరే. 'ఇది మళ్లీ దొరకదేమో' అనిపించేవాటిలోనే ఎక్కువ ప్రమాదం ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మాయమై షార్ట్‌కట్లు మాత్రమే కనిపిస్తుంటే కంగారు పడకండి, చాలాసార్లు అసలు ఫోల్డర్లు అందులోనే దాక్కుని ఉంటాయి. ఆ షార్ట్‌కట్ల మీద మాత్రం క్లిక్ చేయొద్దు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లను చూపించమని చెప్పి, దాని కిందే ఉండే 'ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ కూడా తీసేస్తే కనబడతాయి.

బ్యాకప్ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి, ముఖ్యమైనవి ఇంకో చోట కూడా. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరవకుండా 'అయిపోయింది' అనుకుని డిస్క్ తుడిచేసి పిల్లల చిన్నప్పటి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, ఆ బాధ ఎవరికీ వద్దు.

ఇప్పుడు విండోస్. విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తో ముగిసింది, అందుకే కొత్తగా వేసేటప్పుడు 11 వేయడమే మేలు. దానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. మీ పాత సిస్టమ్‌కి అవి లేవనుకోండి, బ్రౌజింగ్‌కీ ఉత్తరాలు టైప్ చేసుకోడానికీ విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ హాయిగా సరిపోతుంది.

వైరస్ ఉన్న కంప్యూటర్‌లో ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ తయారుచేయొద్దు. శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో, మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దింపుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద చేయండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. షాపులో 500 ఇస్తే వేసే కాపీలో ఎవరు ఏం కలిపారో మనకు తెలియదు. ల్యాప్‌టాప్‌తో పాటు విండోస్ వచ్చి ఉంటే మళ్లీ కొనక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్నది నొక్కి, ముందున్న ఎడిషనే, అంటే హోమ్ అయితే హోమే ఎంచుకోండి, నెట్ తగలగానే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

మొదలుపెట్టే ముందు రెండు పనులు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోండి. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ (వైఫైని పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్) దింపి పెట్టుకోండి, ఎందుకంటే కొత్త విండోస్ మధ్యలో నెట్ అడిగి వైఫై కనిపించక ఆగిపోతే చాలా టెన్షన్. అప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి, ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసినా చాలాసార్లు పని జరుగుతుంది. కరెంటు సంగతి కూడా చూసుకోండి: డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచాలి.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ (దేని నుంచి స్టార్ట్ అవ్వాలో ఎంచుకునే తెర) కీ నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఎక్కడ వేయాలని అడిగే తెర వచ్చాక, అసలు పని ఇక్కడే. బ్యాకప్ డిస్క్, వేరే డిస్క్‌లు ఏవైనా ఉంటే ముందే పీకేసి ఉండాలి. లోపలి డిస్క్‌లోని పార్టిషన్లు (డిస్క్‌ని విడగొట్టిన భాగాలు), సీ, డీ, చిన్న చిన్న రికవరీ పార్టిషన్లతో సహా, ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తూ పోండి, చివరికి 'అన్‌అలొకేటెడ్ స్పేస్' అని ఒకే వరుస మిగలాలి. ఆ జాబితాలో మీ పెన్‌డ్రైవ్ కూడా కనిపించవచ్చు, సైజు చూసి దాన్ని వదిలేయండి. అసలు డిస్కే కనిపించకపోతే కంగారు వద్దు, కొన్ని కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఇవ్వాల్సి వస్తుంది, అది కూడా కంపెనీ సైట్‌లోనే దొరుకుతుంది.

విండోస్ వచ్చాక ఇంకేమీ వేయకుండా ముందు అప్‌డేట్లన్నీ పూర్తి చేయండి, రెండు మూడుసార్లు రీస్టార్ట్ అడుగుతుంది, చేయండి. అప్‌డేట్లను బరువుగా భావించేవాళ్లకు 2017 మే గుర్తుచేస్తాను: అప్పుడు ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, అది దూరిన సందుని మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది.

యాంటీవైరస్ కొనాలా అని అందరూ అడుగుతారు. ఇంట్లో వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, దాన్ని ఆపకుండా ఉంచితే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా 'ముందు డిఫెండర్ ఆఫ్ చేయండి' అని చెప్పిందంటే దాన్ని అక్కడే డిలీట్ చేయండి, యాక్టివేటర్లు ఎక్కువగా చెప్పే మాట అదే. బ్యాకప్ డిస్క్‌ని ఇప్పుడు పెట్టి, ఏ ఫైలూ తెరవకముందే రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయించి, ఆ తర్వాతే కాపీ చేసుకోండి. ఫైళ్ల చివర ఉండే ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ మార్చండి, అప్పుడు 'కరెంట్ బిల్లు పీడీఎఫ్' అని వచ్చింది నిజానికి ఈఎక్స్ఈ (అంటే ప్రోగ్రామ్) అయితే కంటికి తెలిసిపోతుంది.

రోజువారీ వాడకానికి స్టాండర్డ్ అకౌంట్ ఒకటి చేసి పిల్లలకీ పెద్దలకీ అదే ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకరి దగ్గరే ఉంటే ఏదిపడితే అది ఇన్‌స్టాల్ అవదు. జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడం మానేసి ఫైల్‌ని మెయిల్‌లో పంపండి, చిన్నాన్న వాళ్లింట్లో షార్ట్‌కట్ల గోల మొదట వచ్చింది అలాగే.

ఇంత చేసినా క్రోమ్‌లో లాగిన్ అవగానే పాత యాడ్లు తిరిగొస్తే విండోస్‌ని అనుమానించకండి. అకౌంట్‌లో దాచినవన్నీ తిరిగి తెచ్చే సింక్‌తో పాటు, క్రోమ్‌కి తగిలించుకున్న పాత ఎక్స్‌టెన్షన్లు (చిన్న ప్రోగ్రాములు) కూడా వచ్చేస్తాయి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో మీరు పెట్టుకోనివన్నీ తీసేసి, సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి తెలియని సైట్లన్నిటికీ అనుమతి రద్దు చేయండి, 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని మూలన వచ్చేవి చాలావరకు అక్కడివే. మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా ఆ రోజే, ఈ శుభ్రమైన కంప్యూటర్ నుంచే చేసేయండి, ఎందుకంటే పాతవి ఈపాటికే ఎవరికైనా చేరి ఉండొచ్చు.