బర్నింగ్ మ్యాన్‌కు బయల్దేరేముందు: రాత్రి లైట్ల జాగ్రత్తలు

బర్నింగ్ మ్యాన్ అంటే అమెరికాలోని నెవాడాలో, బ్లాక్ రాక్ ఎడారిలో ఏటా ఆగస్టు చివర్లో జరిగే కళల ఉత్సవం. అక్కడికి వెళ్లేవాళ్లు సామాను సర్దేటప్పుడే ఇవి చూసుకోండి.

ఒంటికి ముందూ వెనకా లైటు ఉండాలి. మైదానం మధ్యలో చీకటి. ఆర్ట్ కార్లు (కళాకృతుల్లా మార్చిన వాహనాలు), సైకిళ్లు ఏ దిక్కు నుంచైనా వస్తాయి. తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ ఒక్కటే పెట్టుకుంటే వెనక నుంచి వచ్చేవాడికి మీరు లేనట్టే. నేలమీద పడుకుని ఆకాశం చూస్తున్నా లైటు ఆర్పకండి, అప్పుడే ముప్పు ఎక్కువ.

రిఫ్లెక్టర్ టేపును నమ్ముకోవద్దు. ఎదురుగా వెలుగు పడితేనే అది మెరుస్తుంది. లైటు లేని సైకిలు ముందు దండగ.

సైకిలుకు ముందు తెల్లది, వెనక ఎర్రది. ఆపినప్పుడూ ఒకటి వెలుగుతూ ఉండాలి. పడి ఉన్న సైకిలుకు తగిలి పడేవాళ్లున్నారు, పైగా వందల సైకిళ్లలో మీది దొరకాలి కదా.

చేతిలో పట్టుకునే లేజర్లు తేవద్దు. అక్కడ నిషేధం, కళ్లకు ప్రమాదం.

హెడ్‌ల్యాంప్ ఎర్ర వెలుగులో పెట్టండి. తెల్లటి వెలుగు కళ్లలో పడితే చూపు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలైనా పడుతుంది.

ఈఎల్ వైరు (బట్టలకు కుట్టుకునే వెలిగే సన్నని తీగ) దానికి కరెంటిచ్చే చిన్న ఇన్వర్టర్‌కు కలిసే చోటే తెగుతుంది. ఆ అతుకును బట్టకు కుట్టి, వంగకుండా చూడండి. బ్యాటరీ డబ్బాను జిప్ కవర్లో పెట్టండి: ఆ ఎడారి క్షార ధూళి స్విచ్‌లో దూరితే పనిచేయదు.

గ్లో స్టిక్‌లు (వంచితే వెలిగే ప్లాస్టిక్ కడ్డీలు) వద్దు. ఒక్క రాత్రికే చెత్త, అక్కడ చెత్తకుండీలుండవు.

జేబులో విడిగా ఒక చిన్న లైటు, కొత్త బ్యాటరీలు.