ఊరి చెరువులో నీటిపక్షులను లెక్కపెట్టడం ఎలా?

రాయలసీమ చెరువు ఒక ఏడు నిండి మరువ (అలుగు) పారుతుంది, మరో ఏడు అందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. అందుకే ఇక్కడ ఒక్క ఏడాది లెక్కతో ఏదీ తేలదు. అదే కట్ట మీద, అదే వేళకు, అదే పద్ధతిలో ఏటా తీసిన లెక్కే కావాలి. చిత్తడి నేలలను కాపాడే 2017 నాటి కేంద్ర నియమాలు సాగునీటి కోసం కట్టిన జలాశయాలను చిత్తడి నేలల కింద లెక్కించవు, అందుకే ఆ రక్షణ వాటికి అందదు. బుక్కపట్నం, శింగనమల, పోరుమామిళ్ల లాంటి చెరువుల్లో పక్షులున్నాయని చెప్పడానికి కాగితం మీది లెక్కే ఆధారం.

జనవరిలో తీయండి. ఆసియా నీటిపక్షుల గణన మన దేశంలో 1987 నుంచి ఆ నెలలోనే జరుగుతోంది. వలస పక్షులు అప్పుడు ఒకచోట కుదురుగా ఉంటాయి.

ముందురోజు సాయంత్రం చెరువు చుట్టూ ఒకసారి తిరిగిరండి. తూము, మరువ, తుమ్మచెట్ల గుంపు, గుడి లాంటి గుర్తులతో చెరువును నాలుగైదు భాగాలుగా మనసులో విడగొట్టుకోండి. పొద్దున తూర్పు గట్టున నిలబడితే ఎండ వీపు మీద పడుతుంది, పక్షి రంగు తెలుస్తుంది. పడమటి గట్టు నుంచి చూస్తే అన్నీ నల్లటి బొమ్మలే! 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు; పెద్ద చెరువుకు స్టాండు మీద నిలిపే దూరదర్శిని ఉంటే మేలు.

ఇద్దరు ఉండాలి. ఒకరు బైనాక్యులర్ నుంచి కన్ను తీయకుండా చెబుతుంటారు, రెండోవారు రాస్తుంటారు. చూసేవారే రాయబోతే తల దించిన ప్రతిసారీ ఎక్కడ ఆపారో మరిచిపోతారు.

మంచు విడవగానే మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి ఒక్కో భాగం ముగించుకుంటూ వెళ్లండి. గుంపు పెద్దదైతే మొదట పది పక్షులను సరిగ్గా లెక్కపెట్టి, అవి ఎంత చోటు పట్టాయో కంటితో కొలిచి, గుంపులో అలాంటి ముక్కలెన్నో చూడండి. వందలు దాటితే ముక్కను యాభైకి పెంచండి. పెద్ద గుంపును కన్ను తక్కువగానే అంచనా వేస్తుంది కాబట్టి ఒక ఫొటో తీసి ఇంటికెళ్లి సరిచూసుకోండి. "చాలా", "వందలకొద్దీ" అని మాత్రం రాయొద్దు; వచ్చే ఏడు దాన్ని దేనితోనూ పోల్చలేం.

ఎక్కువ తప్పులు జరిగేది పక్షులు లేచినప్పుడే. లెక్క ముగిసిన భాగం నుంచి ముగియని భాగంలోకి వచ్చి వాలినవాటిని అక్కడ మళ్లీ లెక్కించకండి. ముగియని వైపు నుంచి ముగిసిన వైపుకు ఎగిరినవాటిని కలపండి. అసలు లేవకుండా చూసుకోవడం ఇంకా మంచిది. తలమీద రెండు నల్లని పట్టీలుండే పట్టెతల బాతులు మెడలు నిక్కించాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లినట్టే. అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి రండి.

మునుగుడు కోడి నీళ్లలో మునిగి ఇంకోచోట తేలుతుంది. ఒక్కో భాగాన్ని రెండు మూడు నిమిషాలు చూసి, ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్యను రాసుకోండి. దూరం నుంచి ఎర్రకాళ్ల కొంగనూ నత్తగుల్ల కొంగనూ కలిపేస్తుంటారు. ముక్కు పసుపుగా పొడవుగా ఉండి, వెనక ఈకల్లో గులాబీ రంగు ఉంటే ఎర్రకాళ్ల కొంగ. ముక్కు మధ్యలో సందుంటే నత్తగుల్ల కొంగ. జాతి తేలకపోతే "పేరు తెలియని బాతులు 40" అని రాయడం తప్పు కాదు. ఊహించి పేరు పెట్టడమే తప్పు.

కాగితం పైభాగాన తేదీ, మొదలుపెట్టిన, ముగించిన వేళలు, చెరువులో నీరు ఎన్నో వంతు, మీరు చూడగలిగింది ఎంత భాగం అన్నవి ఉండాలి. వలలు, కుక్కలు, కొత్తగా పూడ్చిన చోటు కనిపిస్తే అవీ రాయండి. అదేరోజు పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించి, కాగితాన్ని దాచుకోండి.

చెరువు ఎండిపోయిన ఏడు కూడా వెళ్లాలి. "నీళ్లు లేవు, నీటిపక్షులు 0" అన్న వరుస లేకపోతే, ఆ ఏడాది పక్షులు రాలేదో, చూసేవారే వెళ్లలేదో తర్వాత ఎవరికీ తెలియదు. సున్నా వేసేముందు పల్లమంతా ఒకసారి చూడండి. బీటలు వారిన నేల మీద తీతువులు తిరుగుతుండొచ్చు.