ఆయాలకు, సిస్టర్లకు ట్రైనింగ్ ఇస్తున్నారా? నేను చేసే పద్ధతి ఇది

ఆసుపత్రిలో ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో నేర్పించడం నా పని. వచ్చేవాళ్లంతా పెద్దవాళ్లే, కొందరు ఆయాలకు నా వయసంత సర్వీసు ఉంటుంది. మొదట్లో రెండు గంటలు స్లైడ్లు వేసి చదివేవాణ్ణి, అందరూ తలూపేవాళ్లు, మర్నాడు వార్డులో చూస్తే ఎర్ర డబ్బాలో సూదులు. వాళ్లకు రాకపోవడం కాదు, నేను నేర్పిన తీరే బాగాలేదు.

2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ అంటూ మొదలుపెట్టకండి. "మీలో ఎవరికైనా డ్యూటీలో సూది గుచ్చుకుందా అమ్మా?" అని అడిగి ఊరుకోండి. ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లూ చెబుతారు, సంచి మూతి కట్టేటప్పుడు గుచ్చుకుందనో, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టబోతే గుచ్చుకుందనో. గుచ్చుకున్నచోట సబ్బునీళ్లతో కడిగి వెంటనే పైవాళ్లకు చెప్పాలని, అవసరమైతే హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లో మొదలుపెడితే మంచిదని, 72 గంటలు దాటనివ్వకూడదని అప్పుడు చెప్పండి. తమ ప్రాణానికి సంబంధించిన మాట కాబట్టి ఎవరూ రాసుకోకపోయినా గుర్తుంటుంది.

ఇక చేతులతో చేయించాలి. నాలుగు రంగుల డబ్బాలు పెట్టండి, వాడని, శుభ్రమైన దూది, గొట్టాలు, సిరంజీలు లాంటివి ఒక బుట్టలో తీసుకెళ్లండి, రక్తానికి బదులు దూదికి ఎర్ర సిరా అద్దితే చాలు. రక్తం అంటిన దూది పసుపులోకి, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి. తికమకంతా సిరంజి దగ్గరే. సూదిని కట్టర్‌లో కోసేశాక సిరంజి ఎరుపులోకి వెళ్తుంది, కోసిన సూది తెల్లదాంట్లోకి. దీని మీదే ఎక్కువసేపు ఉండండి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లకు పని నేర్పడానికి టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే కార్యక్రమం నడిచింది, అందులోని వరస నాకు ఇప్పటికీ పనికొస్తోంది: ముందు మీరు చెబుతూ చేసి చూపించండి, తర్వాత వాళ్లు చేయాలి, మళ్లీ చేస్తూ ఎందుకలా చేస్తున్నారో వాళ్లే మీకు చెప్పాలి. ఆ "ఎందుకు" దగ్గరే ఎవరికి అర్థమైందో తెలిసిపోతుంది.

సీనియర్ ఆయా తప్పు చేస్తే చిన్నవాళ్ల ముందు అనకండి. పక్కకు వెళ్లి కారణం అడగండి. ఒక వార్డులో అలా అడిగితే తెల్ల డబ్బా కారిడార్ చివర ఉందని, పేషెంట్‌ను వదిలి అంతదూరం వెళ్లలేకపోతున్నానని చెప్పింది. అక్కడ కావాల్సింది ట్రైనింగ్ కాదు, మంచాల దగ్గర ఇంకో డబ్బా.

నైట్ డ్యూటీవాళ్లకు, దూరంగా ఉన్న బ్రాంచీలకు ఆన్‌లైన్ తప్పదు. కానీ గంట జూమ్ క్లాసు పెడితే అందరూ కెమెరా ఆపేసి వంట చేసుకుంటారు, అది వాళ్ల తప్పూ కాదు. మూడు నిమిషాల వీడియో తీయండి, ఒక వీడియోకు ఒకే విషయం, వాళ్ల వార్డులోనే, వాళ్లలో ఒక ఆయా మాటల్లోనే. వాట్సాప్‌లో పంపేసి ఊరుకోకుండా షిఫ్ట్ మారేటప్పుడు సూపర్‌వైజర్ ఫోన్‌లో అందరికీ చూపించమనండి, డ్యూటీ టైమ్‌లోనే, ఇంట్లో నిద్ర మానుకుని చూడమనడం న్యాయం కాదు. చదవడం రానివాళ్లకు ప్రశ్న వాయిస్ మెసేజ్‌లో పంపండి, జవాబూ అలాగే తీసుకోండి. జూమ్ సందేహాలకు మాత్రమే ఉంచండి, పది పన్నెండు మంది మించకుండా, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తూ.

ఒకసారి చెప్పి వదిలేస్తే మర్చిపోతారు, ఎవరైనా అంతే. అందుకే మర్నాడు ఒక ప్రశ్న, వారం తర్వాత ఒకటి, నెల తర్వాత ఒకటి అడగండి.

హాజరు పట్టీలో సంతకాలు చూసి పని అయిపోయిందనుకోకండి. ట్రైనింగ్‌కు ముందు మూడు రోజులు, నెల తర్వాత మూడు రోజులు, లోపల చేయి పెట్టకుండా ఎర్ర డబ్బాల మూతలు తీసి కనిపించిన సూదులు లెక్కపెట్టి రాసుకోండి. ఏ వార్డులో తగ్గలేదో ముందు అక్కడికి వెళ్లండి.