తడి బట్టలు రాత్రికి రాత్రే ఆరాలంటే

బ్యాగు తగిలించుకుని సముద్రం ఒడ్డునే నడుస్తూ పోతుంటే పెద్ద చికాకు బట్టలతోనే. సాయంత్రం ఉతికి ఆరేసింది పొద్దున్నకి కూడా జిగటగా, చెమ్మగానే ఉంటుంది. దాన్నే బ్యాగులో కుక్కితే మధ్యాహ్నానికి ముక్కిపోయిన వాసన.

ముందు మంచినీళ్లలో రెండుసార్లు జాడించండి. ఇది మాత్రం వదలొద్దు, బట్టలో ఉప్పు మిగిలితే గాల్లో తేమను లాగేస్తూనే ఉంటుంది, ఎంతసేపు ఆరేసినా ఆరినట్టు అనిపించదు. చేత్తో పిండేశాక పొడి తువ్వాలు పరిచి, దాని మీద ఒక్క టీషర్టు సాపుగా పెట్టి, చాపలా గట్టిగా చుట్టండి. ఇప్పుడు ఒక కొస మీరు, ఇంకో కొస బస చేసిన డార్మిటరీలో పక్క మంచం వాళ్లు పట్టుకుని చెరో వైపుకీ మెలి తిప్పాలి, అర నిమిషం చాలు. విప్పి చూస్తే తువ్వాలు బరువెక్కి ఉంటుంది, చొక్కా చెమ్మగా మాత్రమే ఉంటుంది. ఫ్యాను కింద వేస్తే పొద్దున్నకి తొడుక్కోవచ్చు.

ఒక్కరే అయితే చుట్టను నేల మీద పెట్టి మోకాళ్లతో నొక్కినా పనవుతుంది గానీ, సాయం అడగడమే మేలు. "ఈ కొస కాస్త పట్టుకుంటారా?" అంటే కాదనేవాళ్లు నాకింతవరకు తగల్లేదు. తర్వాత వాళ్ల బట్టలకి మన చేతులు. అలా మొదలైన మాటల్లోనే మర్నాటి నడకకి తోడు దొరికింది నాకు.

జీన్సు, మందపాటి స్వెట్టర్ల దగ్గర ఇది పారదు. ఉన్ని బట్టలైతే మెలి తిప్పితే సాగిపోతాయి, ఊరికే నొక్కండి. తువ్వాలు ముందే తడిసి ఉంటే అసలు మొదలెట్టొద్దు.