చేతి జీన్ పాఠాలు - 3: పదిమంది, పదహారు పేజీలు, నాలుగు కాగితాలు

మొదటి పాఠంలో ఒకే ఎ4 కాగితాన్ని మడిచి, మధ్యలో కోసి ఎనిమిది పేజీల జీన్ (సొంతంగా చేసి కొద్ది కాపీలు పంచుకునే చిన్న పత్రిక) చేశాం. రెండో పాఠంలో జిరాక్స్ మిషన్ ఏ గీతను పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో చూశాం. ఈసారి పదిమంది కలిసి ఒక జీన్ చేద్దాం. ఎ5 సైజు (ఎ4లో సగం), 16 లోపలి పేజీలు, పైన అట్ట, దారంతో కుట్టు, 25 కాపీలు. విషయం ఏదైనా సరే. ఉదాహరణకి ‘మా వీధి చెట్లు’ అనుకుందాం. ఒకరు వేప, ఒకరు కానుగ, ఒకరు నిద్రగన్నేరు, ఇలా తలా ఒక చెట్టు, తలా ఒక పేజీ.

పదిమంది చేసే జీన్ చెడిపోయేది చాలావరకు కుట్టు దగ్గర కాదు, పేజీలు పంచే దగ్గర. అందుకే ఎవరూ పెన్ను పట్టకముందే నమూనా పుస్తకం కట్టాలి.

నమూనా

నాలుగు చిత్తు ఎ4 కాగితాలు తీసుకోండి. నాలుగింటినీ కలిపి అడ్డంగా సగానికి మడవండి. పుస్తకంలా పట్టుకుని మొదటి పేజీ నుంచి వరుసగా 1, 2, 3 అంటూ 16 దాకా మూలన అంకెలు వేయండి. ఇప్పుడు విడదీసి చూస్తే పై కాగితానికి బయటి వైపు ఎడమన 16, కుడిన 1 ఉంటాయి. దాని వెనక 2, 15. రెండో కాగితంపై 14, 3. వెనక 4, 13. మూడోదానిపై 12, 5. వెనక 6, 11. నాలుగోదానిపై 10, 7. వెనక 8, 9. ఏ వైపు చూసినా పక్కపక్క అంకెల మొత్తం 17. మొత్తం పేజీలకి ఒకటి కలిపితే వచ్చే అంకె అది. 12 పేజీలైతే 13, 20 అయితే 21. మాస్టర్లు (జిరాక్స్ తీయడానికి పేజీలు అతికించి చేసే అసలు కాగితాలు) అతికించేటప్పుడు ప్రతి వైపూ కూడి చూసుకోండి. 17 రాలేదంటే ఏదో పేజీ తప్పు చోట కూర్చుంది.

కాగితాన్ని సగానికి మడిస్తే నాలుగు పేజీలు కాబట్టి లెక్క ఎప్పుడూ నాలుగు చొప్పునే పెరుగుతుంది. పదకొండో మిత్రుడు చివర్లో వచ్చి “నాకూ ఒక పేజీ” అంటే, ఇవ్వాల్సింది ఒక పేజీ కాదు, నాలుగు. ఆయన్ని అట్ట లోపలి వైపుకి పంపడం మేలు.

ఇక పంపకం. 1వ పేజీ పేరు. 2వది వివరాలు: జీన్ పేరు, సంచిక అంకె, నెల, సంవత్సరం, ఊరు, పాల్గొన్నవాళ్ల పేర్లు, “కాపీ __ / 25”. తిరిగి జిరాక్స్ తీసుకోవచ్చా లేదా అన్నదీ అక్కడే రాసేయండి. తర్వాత అడగడానికి ఎవరూ దొరకరు. 3 నుంచి 7 దాకా ఐదుగురు, 10 నుంచి 14 దాకా ఐదుగురు. 8, 9 అందరూ కలిసి గీసే వీధి పటానికి. 15వ పేజీ పాఠకులది, దాని సంగతి తర్వాత చెప్తాను. 16వది ఖాళీ.

పటం 8, 9లోనే ఎందుకంటే, నడిమి కాగితం మీద మాత్రమే ఎదురెదురు పేజీలు నిజంగా ఒకే కాగితం. 4, 5 పేజీలు తెరిస్తే పక్కపక్కనే కనిపిస్తాయి కానీ 4 రెండో కాగితంది, 5 మూడోది. రెండింటి మీదుగా ఒక కొమ్మ గీస్తే మడత దగ్గర అది ఒకటి రెండు మిల్లీమీటర్లు విరిగినట్టు కనిపిస్తుంది.

పాల్గొనేవాళ్లకి ఏం చెప్పాలి

“ఒక పేజీ రాసి పంపండి” అంటే ఒకరు రూళ్ల కాగితం, ఒకరు అడ్డం బొమ్మ, ఒకరు ఫోన్‌లో తీసిన చీకటి ఫోటో పంపుతారు. ప్రతివాళ్లకీ 148 × 210 మి.మీ. తెల్ల కాగితం ఇచ్చి, దాని మీద అంచులు పెన్సిల్‌తో గీసి, మూలన వాళ్ల పేజీ అంకె వేసి ఇవ్వండి. పైన 12, కింద 15, బయటి వైపు 10, కుట్టు వైపు 15 మి.మీ. ఖాళీ. చాలా జిరాక్స్ మిషన్లు అంచుకి నాలుగైదు మిల్లీమీటర్లు అచ్చు వేయవు. అందుకే అంచుదాకా రాసిన మాటకి తలో తోకో పోతుంది.

పేజీ అంకె ముందే తెలియాలనడానికి ఇంకో కారణం ఉంది. బేసి పేజీ కుడి వైపు వస్తుంది, దానికి కుట్టు ఎడమన. సరి పేజీకి కుట్టు కుడిన. 6వ పేజీవాళ్లు 7వ పేజీ అనుకుని గీస్తే 15 మి.మీ. ఖాళీ బయటికి పోయి, అక్షరాలు కుట్టులోకి దూరతాయి.

తెలుగు చేతిరాతకి కొంచెం చోటు ఎక్కువే కావాలి. ఇంగ్లీషు అక్షరానికి కింద అంతగా వేలాడేది ఉండదు. మనకి ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి చోట ఒత్తు కింద ఒత్తు చేరి, కింది వరుసలో ఉన్న గుడిని తన్నుతుంది. వరుసకీ వరుసకీ 8 మి.మీ. వదిలితే ఇబ్బంది లేదు. అక్షరం ఒళ్లు 3 మి.మీ.కి తగ్గితే థ, ఠల లోపలి చుక్క, మ, య కొమ్ములు టోనర్‌తో (జిరాక్స్ మిషన్ నల్ల పొడితో) పూడిపోతాయి. పెద్దగా రాసి తగ్గించే పద్ధతి కూడా ఉంది. ఎ4 మీద రాసి 71 శాతానికి తగ్గిస్తే సరిగ్గా ఎ5లో కూర్చుంటుంది. అప్పుడు 5 మి.మీ. అక్షరం 3.5 అవుతుంది. 0.3 మి.మీ. పెన్నుతో గీసిన సన్న గీతలు మాత్రం ఆ తగ్గింపుకి తెగిపోతాయి. 0.5 వాడండి.

కంప్యూటర్‌లో టైప్ చేసేవాళ్లు మండలి లాంటి యూనికోడ్ ఫాంటులో 11 లేదా 12 పాయింట్లు పెట్టి, పీడీఎఫ్ చేసి ఇవ్వాలి. వర్డ్ ఫైలు తీసుకెళ్తే షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేక ఒత్తులు ఎగిరి వరుసలు జరిగిపోతాయి. దూరాన, హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లు తమ పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేయాలి. అంటే ఎ5కి సుమారు 1748 × 2480 పిక్సెళ్లు. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, గీతల చుట్టూ బూడిద మచ్చలు వస్తాయి.

ఆకుల జీన్ కాబట్టి ఒక చిట్కా. ఆకు ముద్ర పెన్సిల్‌తో తీస్తే జిరాక్స్‌లో వెలిసిపోతుంది. ఆకుని బోర్లా పెట్టి, ఈనెలు పైకి ఉండేలా, పైన పల్చటి కాగితం వేసి నల్ల మైనపు క్రేయాన్‌ని పక్కకి పడుకోబెట్టి రుద్దండి. ఈనెలన్నీ నల్లగా లేస్తాయి. కానుగాకు, రావి ఆకు దీనికి బాగుంటాయి. వేప రెబ్బ సన్నగా, వంకరగా ఉంటుంది, రుద్దేటప్పుడు జరుగుతుంది. దాన్ని రెండు రోజులు పుస్తకంలో నొక్కి, పారదర్శక షీటు మీద పెట్టి నేరుగా జిరాక్స్ గాజు మీదే కాపీ తీయండి. షీటు లేకుండా పెడితే షాపాయన రెండోసారి రానివ్వడు.

మాస్టర్లు, జిరాక్స్

పది పేజీలూ వచ్చాక ఎనిమిది ఎ4 మాస్టర్లు చేయాలి. ఒక్కో వైపుకి ఒకటి. గ్లూ స్టిక్ వాడండి. ఫెవికాల్ తడికి కాగితం ముడుచుకుని, ఆ ముడతలు కాపీలో నీడలుగా దిగుతాయి. అతికించిన అంచులు కూడా సన్న గీతలుగా పడతాయి. వాటి మీద వైట్‌నర్ పూసి, మిషన్‌లో నలుపు ఒక మెట్టు తగ్గించమంటే పోతాయి. అతికించిన మాస్టర్‌ని ఆటో ఫీడర్‌లో (కాగితాల్ని మిషన్ తనే లోపలికి లాక్కునే ట్రేలో) వేయనివ్వకండి. అంచు లేచి లోపల ఇరుక్కుంటే మాస్టర్ చిరుగుతుంది. గాజు మీద పెట్టే తీయించాలి.

మడత మీద పెద్ద నల్ల పట్టీ రాకుండా చూడండి. టోనర్ కాగితంలోకి ఇంకదు, పైనే అంటుకుని ఉంటుంది. మడిచిన చోట పొరలుగా రాలి తెల్ల గీత పడుతుంది.

షాపులో “బ్యాక్ టు బ్యాక్” అంటే సరిపోదు. మామూలు ఎ4 ఉత్తరానికి కాగితాన్ని పొడవు అంచు మీద తిప్పుతారు. మనది అడ్డంగా మడిచే పుస్తకం కాబట్టి పొట్టి అంచు మీద తిప్పాలి. తప్పితే ఒక వైపు నిటారుగా, రెండో వైపు తలకిందులుగా వస్తుంది. ముందు నాలుగు కాగితాలకీ ఒక్కో కాపీ తీయించి, అక్కడే కౌంటర్ మీద మడిచి, 1 నుంచి 16 దాకా తిప్పి చూడండి. వెనక జనం సణుగుతారు, సణగనివ్వండి. ఈ ఒక్క పరీక్ష వంద కాగితాల్ని కాపాడుతుంది.

లెక్క: 25 కాపీలకి 100 కాగితాలు, పాడయ్యేవాటికి ఇంకో పది. లోపలికి 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) చాలు. వెనక బొమ్మ ఇవతలికి కనిపిస్తోందనిపిస్తే 85 లేదా 100 తీసుకోండి. అట్టకి 170 దాకా బాగుంటుంది. వానాకాలంలో విప్పి వదిలేసిన కాగితం తేమ పీల్చుకుని మిషన్‌లో ముడుచుకుంటుంది. సొంత కాగితం తీసుకెళ్తే రీమ్ కవర్‌లోనే ఉంచి, షాపులోనే విప్పండి.

కూర్చోవడం, మడవడం, కుట్టడం

ఈ పని మాత్రం అందరూ ఒకచోట చేరి చేయండి. ఒక సాయంత్రం, ఒక పొడుగాటి బల్ల, టీ కప్పులు వేరే బల్ల మీద. నలుగురు నాలుగు కాగితాల దొంతరలు పెట్టుకుని ఒక్కొక్కటీ మడుస్తారు. స్టీలు స్కేలు అంచుతోనో గరిటె వీపుతోనో మడతని గట్టిగా నొక్కాలి. గోటితో నొక్కితే మెరుపు చార పడుతుంది. ఐదో మనిషి 8, 9 ఉన్న కాగితాన్ని లోపల పెట్టి, దాని మీద మూడోది, రెండోది, మొదటిది, చివరికి అట్ట తొడుగుతారు. అట్టని నేరుగా మడిస్తే పెచ్చులు లేస్తాయి. సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో, స్కేలు పెట్టి ముందు ఒక గాడి గీయండి. ఆ గాడి వెంట మడవండి.

కుట్టుకి మూడు రంధ్రాలు. వెన్ను పొడవు 210 మి.మీ. పై నుంచి 35, 105, 175 దగ్గర. ఒక కాగితపు చీలిక మీద ఈ మూడూ గుర్తుపెట్టుకుని ప్రతి పుస్తకానికీ దాన్నే వాడండి. పుస్తకాన్ని సగం తెరిచి, కింద దళసరి అట్ట వేసి, లోపలి నుంచి మడత మీదే దబ్బనంతో గుచ్చండి. మడత పక్కకి గుచ్చితే తెరిచినప్పుడు అక్కడే చిరుగుతుంది.

దారం ఒక పుస్తకానికి 50 సెం.మీ. 25కి పన్నెండున్నర మీటర్లు. బట్టలు కుట్టే సన్న దారం కాగితాన్ని కత్తిలా కోస్తుంది. క్రోషియా నూలు దారం సరైనది. దాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి చిక్కుపడదు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీయండి, లోపల 8 సెం.మీ. తోక వదిలి. బయట పైకి వెళ్లి పై రంధ్రంలోంచి లోపలికి. లోపల మధ్య రంధ్రాన్ని దాటి నేరుగా కింది రంధ్రానికి, అక్కడ బయటికి. మళ్లీ మధ్యకి వచ్చి లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపల మధ్యలో ఉంటాయి. వాటి మధ్యగా పొడవాటి కుట్టు పోవాలి, అంటే ఒక కొస దానికి ఇటు, ఒకటి అటు. రెండూ ఒకే వైపున్నాయంటే ముడి పడ్డాక కూడా కుట్టు వదులుగానే ఉంటుంది. కొసల్ని వెన్ను వెంట లాగి బిగించండి. ఎదురుగా, పేజీల వైపు లాగితే రంధ్రం చీలుతుంది. ఆ పొడవాటి కుట్టు మీదుగా రెండు ముడులు వేసి, సెంటీమీటరు వదిలి కత్తిరించండి. చివరిసారి మధ్య రంధ్రంలోకి వచ్చేటప్పుడు సూది పాత దారాన్ని గుచ్చకుండా చూసుకోవాలి. గుచ్చితే ఇక లాగినా బిగవదు.

స్టేపుల్ కొట్టొచ్చు కదా అంటారు. చిన్న స్టేప్లర్ ఎ5 మధ్యదాకా అందదు. పైగా సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ పిన్నుల చుట్టూ తొందరలోనే తుప్పు మరక దిగుతుంది.

కుట్టాక లోపలి కాగితాలు అట్టకన్నా కొంచెం బయటికి వస్తాయి. ఒకదానిలో ఒకటి ఇమడడం వల్ల అలా జరుగుతుంది. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు పెట్టి తెరిచే అంచు 2 మి.మీ. కోయండి. ఒకేసారి అదిమి కోస్తే స్కేలు జారి వంకర పోతుంది. తేలికగా ఏడెనిమిది సార్లు గీయండి.

పంచుకోవడం

25లో పది పాల్గొన్నవాళ్లకి. ఒకటి మాస్టర్లతో పాటు దాచుకోవడానికి. మాస్టర్లని మామూలు పీవీసీ ఫోల్డర్‌లో పెట్టకండి, టోనర్ ఆ ప్లాస్టిక్‌కి అంటుకుని లేచిపోతుంది. బట్టర్ పేపర్ మధ్య పెట్టి కాగితపు కవర్‌లో ఉంచండి. మిగిలిన 14 ఊరి గ్రంథాలయానికి, చెట్ల యజమానులకి, ఇతర జీన్ చేసేవాళ్లతో మార్పిడికి.

ఈ మార్పిడికి పాత సంప్రదాయమే ఉంది. 1930లో చికాగోలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు ‘ది కామెట్’ తీసిన నాటి నుంచి అమెరికాలో ఇలాంటి చిన్న పత్రికలు పెరిగాయి. వాటిలో చాలావాటిని డబ్బు లేకుండానే తెప్పించుకోవచ్చు. చదివి ఉత్తరం రాయాలి, లేదా తన పత్రిక పంపాలి, లేదా తర్వాతి సంచికకి ఏదైనా రాసివ్వాలి. మన 15వ పేజీ అందుకే. పైన “ఈ జీన్ ఎవరి చేతి నుంచి మీకు వచ్చింది? మీ వీధిలో ఏ చెట్టుంది?” అని రెండు ప్రశ్నలు వేసి మిగతాది ఖాళీ వదలండి. మన హాస్టళ్లలో, గ్రంథాలయాల్లో చేతిరాత పత్రికలు కూడా ఇలాగే చేతులు మారేవి.

పోస్టులో పంపితే బరువు చూసుకోండి. 75 జీఎస్‌ఎం ఎ4 ఒకటి సుమారు 4.7 గ్రాములు. నాలుగుకి 19, 170 జీఎస్‌ఎం అట్టతో 29, పైన కవరు. ఉత్తరం ఛార్జీ 20 గ్రాముల మెట్ల మీద పెరుగుతుంది. ఒకదాన్ని తూకం వేయించి మిగతావాటికి స్టాంపులు అంటించండి.

ఈ వారం పని

చిత్తు కాగితాలతో 12 పేజీల నమూనా కట్టి, 13 లెక్క సరిపోయిందో చూడండి. మూడు రంధ్రాల కుట్టు ఖాళీ పుస్తకాల మీద మూడుసార్లు వేయండి. వచ్చే పాఠంలో అట్టకి కూరగాయ ముక్కలతో రంగు అచ్చు వేస్తాం. రెండు గట్టి బంగాళాదుంపలు, కొత్త బ్లేడు, పోస్టర్ రంగులు, పాత స్పాంజి సిద్ధం చేసుకోండి. బంగాళాదుంపని ముందు రోజే కోసి పెట్టకండి, ముఖం ఎండి గుంట పడుతుంది.