పాత కామిక్స్‌కు విలువ కట్టడం – 3వ పాఠం: ముద్రణ, గ్రేడు, ఆ తర్వాతే రేటు

గత రెండు పాఠాల్లో ఏ పుస్తకాలను సేకరించాలో, ‘కీ’ సంచిక (ఒక పాత్ర తొలిసారి కనిపించడం లాంటి కారణంతో గిరాకీ ఉన్నది) అని దేన్ని అంటారో చూశాం. ఈసారి ఒక పాత కామిక్ మీ చేతికి వచ్చిందనుకుందాం. అది ఏ ముద్రణో తేల్చాలి, ఏ స్థితిలో ఉందో చూసి అంకె వెయ్యాలి, ఆ తర్వాత రూపాయల దగ్గరికి రావాలి. ఈ వరుస తప్పకూడదు. చాలామంది మూడోదానితో మొదలుపెడతారు. అమ్మేవాళ్లు ఒక రేటు చెప్పగానే దాని చుట్టూ బేరం నడుస్తుంది. పుస్తకాన్ని తెరిచి చూసేసరికి డబ్బులు చేతులు మారిపోయి ఉంటాయి.

ఉదాహరణలకు మన విశాఖ ఇళ్లలో ఎక్కువగా దొరికేవే తీసుకుంటున్నాను: ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథ, చందమామ. చందమామ నిజానికి కామిక్ కాదు, కథల పత్రిక. కానీ కొనేవాళ్లూ, చూడాల్సిన లోపాలూ చాలావరకు ఒకటే. పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, నేవీ ఉద్యోగాల మీద దేశం నలుమూలల నుంచీ వచ్చి స్థిరపడిన ఊరు మనది. అందుకే ఇక్కడి పాత కట్టల్లో తెలుగు, ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ పుస్తకాలు కలిసి ఉంటాయి. భాష చూసి కట్టను వదిలెయ్యకండి.

ముందు ముద్రణ సంగతి. ఇంద్రజాల్ 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ నుంచి ఫాంటమ్ కథతో మొదలై 1990లో ఆగింది. 443 వరకు వరుస సంఖ్యలు, ఆ తర్వాత సంపుటి, సంచిక పద్ధతి. కాబట్టి ఏ సంచికో గుర్తించడం తేలికే. అమర్ చిత్ర కథ దగ్గరే జాగ్రత్త కావాలి. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఆ వరుసలో మొదటి పదీ విదేశీ జానపద కథలు. పురాణ కథలు 11వ నంబరు ‘కృష్ణ’తో మొదలయ్యాయి. ఆ ‘కృష్ణ’ ఎన్నోసార్లు మళ్లీ మళ్లీ అచ్చయింది. అట్ట మీద 11 అని ఉన్నంత మాత్రాన అది మొదటి ముద్రణ అయిపోదు. అమ్మేవాళ్లు కావాలని మోసం చెయ్యకపోయినా, నంబరు చూసి ‘ఫస్ట్ ప్రింట్’ అని నమ్మి చెబుతుంటారు.

తేదీ అచ్చు వెయ్యని పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలి? మన దేశ చరిత్రే కొన్ని గుర్తులు ఇచ్చింది. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. వెల అణాల్లో మాత్రమే ఉంటే పుస్తకం దాదాపుగా అంతకు ముందుది. ‘నయా పైసలు’ అన్న మాట 1964 జూన్‌లో పోయింది, అప్పటి నుంచి ఉత్త పైసలే. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. చిరునామాలో పిన్‌కోడు ఉంటే పుస్తకం ఆ తర్వాత అచ్చయినదే, అందులో అనుమానం లేదు. బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. అయితే ఈ గుర్తులు ఒక వైపే పనిచేస్తాయి. పిన్‌కోడు ఉందంటే 1972 తర్వాతిదని ఖాయంగా చెప్పవచ్చు. లేనంత మాత్రాన అంతకు ముందుదని చెప్పలేం, ఎందుకంటే పాత చిరునామానే ఏళ్ల తరబడి అచ్చువేసినవాళ్లు ఉంటారు. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెబితేనే నమ్మండి.

ఇప్పుడు గ్రేడు. ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సరసోటాలో ఉన్న సీజీసీ అనే సంస్థ 2000 నుంచి కామిక్స్‌కు గ్రేడు వేస్తోంది. పుస్తకాన్ని పరీక్షించి, 0.5 నుంచి 10 వరకు ఒక అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ కేసులో మూసి పంపుతుంది. ఆ కేసునే స్లాబ్ అంటారు, కేసులో లేని పుస్తకం ‘రా’. 9.4 అంటే నియర్ మింట్, 8 వెరీ ఫైన్, 6 ఫైన్, 4 వెరీ గుడ్, 2 గుడ్. పై అంకెల మధ్య చిన్న తేడాకే రేటు బాగా మారుతుంది. 9.6కీ 9.8కీ మధ్య కంటికి కనిపించేది ఒక చిన్న నొక్కే కావచ్చు, ధరలో మాత్రం రెట్టింపు తేడా రావచ్చు. లేబుల్ రంగు కూడా చూడాలి. నీలం మామూలుది. ఊదా అంటే పుస్తకానికి మరమ్మతు జరిగిందని అర్థం: రంగు పూయడం, అంచులు కోయడం, ముక్క అతికించడం లాంటివి. పసుపు అంటే సంస్థ మనిషి ఎదురుగా సంతకం చేయించినది. ఆకుపచ్చ అంటే ఏదో ఒక ప్రత్యేక లోపం ఉన్నది. ఒకే అంకె ఉన్నా నీలం లేబుల్ ధరకు ఊదా లేబుల్ చాలా దూరంలో ఆగిపోతుంది.

మన ఇంద్రజాల్‌ను ఎవరూ స్లాబ్ చేయించకపోయినా ఈ కొలబద్ద నేర్చుకోవాలి. హైదరాబాదు కొనుగోలుదారుకు ‘బాగానే ఉందండీ’ అని చెబితే ఏమీ అర్థం కాదు. ‘అయిదు, కింది పిన్ను తుప్పు, వెనక అట్ట మూల మడత’ అంటే పుస్తకం కళ్లముందు కనిపిస్తుంది.

చూసే పద్ధతి ఇది. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరబెట్టుకోండి. కిటికీ పక్కన పగటి వెలుగులో కూర్చోండి. మొదట వెనక అట్ట చూడండి. ముందు అట్ట బొమ్మ మనసు లాగేస్తుంది, లోపాలు కనబడనివ్వదు. తర్వాత వెన్ను. పిన్నుల పక్కన అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి, వాటిని లెక్కపెట్టండి. గీతలో రంగు తెగి తెల్ల కాగితం బయటపడిందా, లేక వంపు మాత్రమేనా? రంగు తెగిన గీత శాశ్వత నష్టం. ఫోన్ టార్చిని అట్టకు పక్కగా, దాదాపు సమాంతరంగా పెట్టి వెయ్యండి. నిలువు వెలుగులో దాక్కున్న నొక్కులు, పెన్ను ఒత్తిన అక్షరాలు పైకి తేలతాయి.

ఆ తర్వాత పేజీలు లెక్కపెట్టండి. ఒక్కొక్కటిగా, నడిమి పేజీలతో సహా. ఈ పని ఎందుకు విసుక్కోకుండా చెయ్యాలో ఒక అమెరికన్ ఉదాహరణ చెబుతాను. 1974 నవంబరు తేదీతో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181లో వుల్వరిన్ పాత్ర పూర్తిస్థాయిలో తొలిసారి కనిపిస్తుంది, అందుకే దానికి అంత గిరాకీ. ఆ రోజుల్లో మార్వెల్ సంస్థ పుస్తకం లోపల ఒక చిన్న స్టాంపు బొమ్మ అచ్చువేసి, కత్తిరించి దాచుకోమని పిల్లలకు చెప్పింది. పిల్లలు కత్తిరించారు. ఈరోజు అట్ట నిగనిగలాడుతున్న ప్రతి కూడా లోపల ఆ స్టాంపు లేకపోతే ధరలో ఎక్కువ భాగం కోల్పోతుంది. మన పుస్తకాల్లో కూపన్లు, రంగులు వేసే పేజీలు, పదకేళీలు అలాంటివే. నింపిన పదకేళీ చిన్న లోపం. కత్తిరించిన పేజీ పెద్ద లోపం.

విశాఖలో వీటన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది పిన్నులు. గాలిలో తేమ 70 శాతం దాటి ఉండటం ఇక్కడ మామూలే, పైగా ఉప్పు గాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇనప గ్రిల్లు పరిస్థితి మీకు తెలుసు. అదే గాలి పుస్తకం పిన్నునూ తింటుంది. పిన్ను మీద మాత్రమే ఉన్న తుప్పు ఒక దశ. చుట్టూ కాగితానికి గోధుమరంగు పాకడం రెండో దశ. మూడో దశలో ఆ కాగితం పొడై, అట్ట పిన్ను నుంచి ఊడిపోతుంది. మొదటి దశలో ఉన్న పుస్తకాన్ని మంచి రేటుకు కొనవచ్చు. రెండో దశకు ఎంత బాగా కనిపించినా మధ్య అంకెలు దాటించకండి. తుప్పు పట్టిన పిన్ను తీసి కొత్తది కొట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. మార్చిన పిన్నును గ్రేడు వేసేవాళ్లు పట్టుకుంటారు, నిజాయితీగా ఉన్న తుప్పు కంటే దానికే ఎక్కువ నష్టం.

కాగితం కూడా వయసు చెబుతుంది. చవక న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలి అది పసుపెక్కుతుంది, ఆమ్లం పెరిగి కాగితం పెళుసవుతుంది. పేజీ రంగును తెలుపు, లేత గోధుమ, గోధుమ అని రాసుకోండి. పేజీ మూల పట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతుంటే ఇక తిప్పడం ఆపేసి, చదవడానికి మాత్రమే పనికొచ్చే పుస్తకంగా లెక్కెయ్యండి. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫానులో తడిసి ఆరిన పుస్తకాలు ఇప్పటికీ సంతకు వస్తుంటాయి. పేజీల అంచులు అలల్లా ఉండటం, మరక అంచున ముదురు గీత ఉండటం వాటి గుర్తులు. వాసన చూడటానికి మొహమాటపడకండి.

ఇక బైండు. చందమామలను ఏడాదికోసారి బైండు చేయించి దాచుకున్న ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. ఆ ప్రేమ వల్లే ఆ పుస్తకాలు మిగిలాయి, అందుకు వాళ్లకు దండం పెట్టాలి. కానీ బైండరు మూడు వైపులా అంచులు కోస్తాడు, వెన్నులో సూది రంధ్రాలు పొడుస్తాడు, కొన్నిసార్లు అట్టలు తీసేస్తాడు. విడి ప్రతుల రేటుతో ఆ సంపుటాన్ని కొనకూడదు. అలాగని సంపుటాన్ని విప్పి విడి ప్రతులుగా అమ్మకూడదు కూడా. సంపుటానికి సంపుటంగా వేరే కొనుగోలుదారులు ఉంటారు. లోపల అట్టలు ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్య, అంటే మన వపా, గీసిన చందమామ ముఖచిత్రాల కోసమే సంచికలు వెతికేవాళ్లు ఉన్నారు. ఆ అట్ట లేకపోతే వాళ్లకు ఆ సంచికతో పనిలేదు.

రేటు సంగతికి వద్దాం. ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధర ధర కాదు, అమ్ముడైన ధరే ధర. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే అమరిక ఉంది, దాన్నే వాడండి. అదే ముద్రణ, దగ్గర గ్రేడు, వీలైనంత ఇటీవలి అమ్మకాలు కనీసం మూడు తీసుకోండి. అమ్మకం తేదీ తప్పకుండా చూడాలి. 2021లో కామిక్స్ ధరలు ఆకాశానికి ఎగిరి, తర్వాతి రెండేళ్లలో చాలావరకు దిగొచ్చాయి. 2021 ధర పట్టుకుని ఈరోజు కొంటే నష్టపోతారు. 1938లో 10 సెంట్లకు వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 8.5 గ్రేడు ప్రతి, 2024లో 60 లక్షల డాలర్లకు పోయింది. ఇలాంటి వార్త చదివి ఇంట్లో ఉన్న పుస్తకానికి రేటు పెంచుకునేవాళ్లు ఉంటారు. ఆ శిఖరానికీ మన కట్టకూ సంబంధం లేదు.

స్లాబ్ చేయించాలా అని అందరూ అడుగుతారు. లెక్క వేద్దాం, అంకెలు అభ్యాసం కోసం అనుకున్నవే. మీ అమెరికన్ పుస్తకం ‘రా’గా, అంటే కేసు లేకుండా, 20,000 రూపాయలు పలుకుతోంది. 6.0 వస్తే 32,000 పలుకుతుందని పాత అమ్మకాలు చెబుతున్నాయి. విశాఖ నుంచి పంపడం, తెప్పించడం, బీమా, గ్రేడింగ్ రుసుము, పన్నులు కలిపి 11,000. అమ్మినప్పుడు వేదికకు పది శాతం, అంటే 3,200. చేతికి మిగిలేది 17,800. ‘రా’గా అమ్ముకుంటే వచ్చే 20,000 కంటే తక్కువ. పైగా 6.0 బదులు 5.0 వస్తే? అందుకే నా సలహా: తగ్గిన గ్రేడు వచ్చినా నష్టం రాకుండా ఉంటేనే పంపండి.

స్లాబ్ కొనేటప్పుడు లేబుల్ మీది సర్టిఫికెట్ నంబరును సీజీసీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. అక్కడితో ఆగకండి. కేసు తెరిచి, లోపలి పుస్తకం మార్చి, మళ్లీ మూయించిన మోసం 2023 చివర్లో బయటపడి పెద్ద అలజడి రేపింది. నంబరు అసలుదే, పుస్తకం వేరు. కేసు అంచులు గీసుకుపోయి ఉన్నాయా, లోపలి పుస్తకం ఆ అంకెకు తగ్గట్టు కనిపిస్తోందా అని మీ కన్నే చెప్పాలి.

ఇళ్ల నుంచి కొనేవాళ్లకు ఒక మాట. ఇల్లు ఖాళీ చేస్తూ ఓ పెద్దావిడ ‘కిలో లెక్కన తీసుకుపో బాబూ’ అన్నారనుకోండి. అందులో విలువైనది కనబడితే ఆవిడకు చెప్పండి: ‘అమ్మా, ఇది తూకానికి ఇచ్చేది కాదు, దీనికి ఇంత వస్తుంది, నేను ఇంత ఇవ్వగలను.’ మీ శ్రమకూ రిస్కుకూ తగ్గ లాభం ఉంచుకుని చెప్పండి, అందులో తప్పు లేదు. తెలిసి దాచిపెట్టి కొనడాన్ని మాత్రం నేను వ్యాపారం అనను.

అభ్యాసం: ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో ఉన్న మూడు పాత పుస్తకాలు తీసుకోండి. ఒక్కోదానికి కాగితం మీద నాలుగు వరుసలు రాయండి: ముద్రణకు ఆధారాలు, పేజీల లెక్క, పిన్నుల దశ, మీరు వేసిన అంకె. వారం ఆగి, ఆ కాగితం చూడకుండా మళ్లీ అంకె వెయ్యండి. రెండు అంకెల మధ్య తేడా ఒకటి కంటే ఎక్కువ ఉంటే వెన్ను గీతలు, టార్చి పరీక్ష మళ్లీ చెయ్యండి. ఆ మూడు పుస్తకాలనూ పాలీప్రొపిలీన్ కవర్లలో, వెనక ఆమ్లం లేని అట్టముక్క పెట్టి, సిలికా జెల్ పొట్లాలున్న మూత డబ్బాలో ఉంచండి. పీవీసీ కవర్లు, నాఫ్తలీన్ ఉండలు వద్దు. వచ్చే పాఠంలో ఇవే పుస్తకాలను అమ్మకానికి ఫోటోలు తీసి, వానాకాలంలో తడవకుండా పార్శిల్ కడతాం. అప్పటిదాకా వాటిని డబ్బాలోనే ఉంచండి.