కైమా ఉండలు: నూనెలోనా, పొంగనాల పెనం మీదా, నేరుగా పులుసులోనా?

ముందు ఒకటి తేల్చుకోండి, ఆ ఉండలు దేంట్లోకి? పప్పుచారులోకి నంజుకోడానికా, లేక మా నెల్లూరు ఇళ్లలో లాగా ఆదివారం పొద్దున దోసెల్లోకి పులుసు కాయడానికా? ఎట్టా వండితే బాగుంటాయని అడిగే వాళ్లందరినీ నేను అడిగేది ఇదే. నంజుడుకైతే పైన కరకరలాడాలి, పులుసులోకైతే లోపల మెత్తగా ఉండి పులుసు పీల్చుకోవాలి, ఒకే పద్ధతిలో ఈ రెండూ రావు.

అయితే ఏ పద్ధతికైనా కైమాలో నీళ్లు ఉండకూడదు. పోయినేడు చుట్టాలొచ్చిన రోజు నేను కైమా ఇంటికి తెచ్చాక కడిగాను, ఎర్రగడ్డలు మిక్సీలో వేసి గుజ్జు చేసి అందులో కలిపాను, బాండ్లిలో వేసిన మొదటి వాయి ఉండలన్నీ విచ్చిపోయి నూనెంతా నురగ కట్టింది, చివరికి దాన్ని కైమా వేపుడని చెప్పి వడ్డించాను. అందుకని మాంసం కడిగించాకే కైమా కొట్టించండి, తొడ మాంసంలో కాస్త కొవ్వు కలిపి రెండుసార్లు మిషన్‌లో వేయమనండి. ఎర్రగడ్డలు సన్నగా తరిగి, ఉప్పు చల్లి, పది నిమిషాలాగి గట్టిగా పిండండి.

అరకిలో కైమాకి నాలుగు స్పూన్ల పుట్నాల పొడి, అల్లం తెల్లగడ్డ ముద్ద, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, కాస్త గరం మసాలా, ఉప్పు. గుడ్డు వేస్తే ఒక్కటే, ఎక్కువైతే ఉండలు గట్టిపడతాయి. చేత్తో నాలుగైదు నిమిషాలు పిసకండి, ఉప్పు పట్టిన మాంసం జిగురొచ్చి వేళ్లకి అంటుకోవడం మొదలవుతుంది, ఉండని పట్టి ఉంచేది అసలు ఆ జిగురే. చిన్న బిళ్ల ఒకటి పెనం మీద కాల్చి ఉప్పూకారం చూసుకుని, మిగతాది పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

నంజుడుకైతే నూనెలో వేయించడమే, డైటింగ్ సంగతి ఇంకో రోజు చూసుకోవచ్చు. మంట మధ్యస్థంగా ఉండాలి, పెద్దది పెడితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. వాయికి ఐదారు మించి వేయకండి, నూనె చల్లబడిందంటే ఉండలు విరుగుతాయి. వేసిన మొదటి నిమిషం గరిటె పెట్టకండి.

నేను ఎక్కువగా వాడేది మాత్రం గుంతపొంగనాల పెనం. గుంటకి అర స్పూను నూనె చాలు, ఉండ గుండ్రంగానే ఉంటుంది, నాలుగు నిమిషాలకి పుల్లతో తిప్పితే రెండో వైపు కూడా ఎర్రగా కాలుతుంది. మామూలు పెనం మీద అయితే ఉండ ఒక పక్క చదునై వడలాగా తయారవుతుంది. ఇట్టా పైపైన కాల్చి, మిగతా ఉడుకు పులుసులో పూర్తి చేస్తే కాలిన రుచీ వస్తుంది, మెత్తదనమూ పోదు, దోసెల్లోకి నా ఓటు దీనికే.

మా అమ్మ ఒప్పుకోదనుకోండి, ఆమె పచ్చి ఉండలు నేరుగా పులుసులో వేస్తుంది. అవి చాలా మెత్తగా వస్తాయి, ముసలివాళ్లకీ పిల్లలకీ నిజంగా అవే మేలు, కాకపోతే ఓపిక కావాలి. చింతపండు పులుసు పచ్చివాసన పోయి తెర్లుతున్నప్పుడు వెడల్పాటి గిన్నెలో ఒక్కొక్కటీ అంచు నుంచి జారవిడవాలి, తర్వాత సెగ తగ్గించి మూత పెట్టాలి, పది నిమిషాల దాకా మా ఇంట్లో ఉన్న ఉదయగిరి చెక్కగరిటెని కూడా ఆమె దగ్గరికి రానివ్వదు. కలపాలనిపిస్తే గుడ్డతో గిన్నె రెండు అంచులూ పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పుతుంది. మొత్తం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది.

ఓవెన్ ఉన్నవాళ్లు 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు పెట్టొచ్చు, ఒకేసారి నలభై ఉండలు చేయాల్సినప్పుడు పనికొస్తుంది. ఎయిర్ ఫ్రయ్యర్‌లో అయితే పైన నూనె రాయండి, లేకపోతే ఎండిపోయి గోలీల్లాగా ఉంటాయి.

ఏ పద్ధతైనా ఒకదాన్ని మధ్యకి విరిచి చూడండి. ముక్క మాంసంలో క్రిములు ఎక్కువగా పైనే ఉంటాయి, కైమా కొట్టగానే అవి లోపలంతా కలిసిపోతాయి, అందుకే నడిమధ్య దాకా ఉడకాలి. రంగు చూసి ఒక్కోసారి మోసపోతాం కాబట్టి థర్మామీటర్ ఉంటే గుచ్చండి, మటన్‌కి 71 డిగ్రీలు, చికెన్ కైమాకి 74 రావాలి.

పెనం మీద కాల్చినవైతే పులుసులో పది పదిహేను నిమిషాలు ఉడికితే చాలు. దించాక కూడా అవి పులుసు తాగుతూనే ఉంటాయి, అరగంటకి మూత తీసేసరికి గిన్నెలో పులుసు సగానికి దిగి ముద్దకూరలాగా కనిపిస్తుంది. ముందే ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి పలచగా కాయండి, దోసె ముంచడానికి మిగలాలిగా.